ప్రమాణం చేసిన రోజే పోతుంది: పరాయి దేశ పౌరసత్వం తీసుకునే మనవాళ్లకు ఒక దస్తావేజు లేఖరి సలహాలు

నేను తెనాలిలో దస్తావేజు లేఖరిని. అమ్మకం దస్తావేజులు, దానపత్రాలు, వీలునామాలు, జీపీఏలు (మన తరఫున వేరొకరు పనులు చూసేందుకిచ్చే అధికార పత్రాలు) రాయడం నా పని. పౌరసత్వం సంగతి లేఖరికెందుకని అనుకోవద్దు. మా వైపు ఏ వీధిలో చూసినా అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పిల్లలున్న ఇళ్లే. పొలం అమ్మాలన్నా, తండ్రి పోయాక పాసుపుస్తకంలో పేరు మార్చాలన్నా, "ఈ అబ్బాయి ఇప్పుడు ఏ దేశపు పౌరుడు?" అనే ప్రశ్న ముందు నా బల్ల దగ్గరే తేలాలి. మా అమ్మాయి కూడా న్యూజెర్సీలో పౌరసత్వం తీసుకుంది. దాని కాగితాలు ఒక్కొక్కటీ ఇద్దరం కలిసి చూసుకున్నాం.

ముందుగా ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. మిగతావన్నీ దాని నుంచే వస్తాయి. భారత పౌరసత్వ చట్టం, 1955లోని సెక్షన్ 9 ప్రకారం, మన పౌరుడు తన ఇష్టంతో మరో దేశ పౌరసత్వం పొందితే, పొందిన ఆ ఘడియ నుంచే భారత పౌరుడు కాకుండా పోతాడు. ఢిల్లీ నుంచి ఉత్తరం రాదు, ఎవరూ నోటీసు పంపరు. చేతిలో ఉన్న భారత పాస్‌పోర్టుకు ఇంకా ఆరేళ్ల గడువున్నా సరే, అది అప్పటికి చెల్లని కాగితమే. పాత పాస్‌పోర్టు అప్పగించినందుకు ఇచ్చే సరెండర్ సర్టిఫికెట్ అనేది ఆ తర్వాత ఎప్పుడో వస్తుంది. అది పోయినట్టు రుజువు మాత్రమే. కాబట్టి రెండు తేదీలుంటాయి: పోయిన తేదీ, పోయినట్టు కాగితం వచ్చిన తేదీ. ఓటు, ప్రయాణం, పుట్టబోయే బిడ్డ పౌరసత్వం, దస్తావేజులో రాసుకునే వివరాలు, అన్నిటికీ లెక్క మొదటి తేదీయే.

సంక్రాంతికి వచ్చిన ఒక తండ్రీ కొడుకుల సంగతి చెబుతాను. ముప్పావు ఎకరం మాగాణి కొడుకు పేర దానపత్రం రాయించుకుందామని వచ్చారు. అలవాటు ప్రకారం అడిగాను, "బాబూ, మీ పాస్‌పోర్టు ఏ దేశానిది?" అని. అతను ఏమీ దాచకుండా, "రెండూ ఉన్నాయి అంకుల్, ఇండియాదీ ఉంది, అమెరికాదీ ఉంది" అన్నాడు. తండ్రి కాస్త గర్వంగానే, "మావాడికి రెండు దేశాలూ ఉన్నాయండీ" అన్నారు. రెండూ ముదురు నీలం అట్టలే. బల్ల మీద పక్కపక్కన పెడితే దూరం నుంచి తేడా కూడా తెలియదు. అతను అమెరికా పౌరుడిగా ప్రమాణం చేసి అప్పటికి ఏడాది దాటింది. అతనికి ఉన్నది ఒక్క దేశమే. భారత చట్టంలో ద్వంద్వ పౌరసత్వం లేదు. అమెరికా చట్టం అడ్డు చెప్పకపోయినా మన చట్టం ఒప్పుకోదు. ఇక ఆ మాగాణి దానపత్రం విషయానికొస్తే, అది వేరే కారణంతో ఆగింది. ఆ సంగతి పొలాల దగ్గర చెబుతాను.

పుట్టుకతో వచ్చేది

మీరు భారత పౌరులేనా అన్నది తేల్చుకోవడానికి పుట్టిన తేదీ చూడండి. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 దాకా ఈ గడ్డ మీద పుట్టినవాళ్లకు, విదేశీ దౌత్యవేత్తల పిల్లల్లాంటి కొద్దిమంది తప్ప, పుట్టుకే చాలు. 1987 జూలై 1 నుంచి 2004 డిసెంబరు 2 మధ్య పుడితే తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 తర్వాత పుడితే ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకుండా ఉండాలి.

ఈ మూడో గడి దగ్గరే మనవాళ్లు చిక్కుకుంటున్నారు. కాన్పుకు పుట్టింటికి రావడం మన ఆచారం. భార్యాభర్తలిద్దరూ అమెరికా పౌరులైపోయాక గుంటూరులోనో రాజమండ్రిలోనో బిడ్డ పుడితే, ఆ బిడ్డకు భారత పౌరసత్వం పుట్టుకతో రాదు. ఓసీఐ కార్డులు (విదేశీ పౌరులైన మనవాళ్లకు ఇచ్చే జీవితకాల వీసా లాంటివి) ఉన్నా రాదు. 2006లో ఆంధ్రప్రదేశ్‌లో ఇలాగే పుట్టిన ఒక అమ్మాయి ఇక్కడే పెరిగి, భారత పాస్‌పోర్టుకు దరఖాస్తు చేస్తే ఇవ్వలేదు. అప్పుడు ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లి, 2024లో గానీ పౌరసత్వ పత్రం తెచ్చుకోలేకపోయింది. మీ బిడ్డకు ఆ గతి పట్టకూడదంటే, ఇద్దరూ అమెరికా పౌరులైతే హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో బిడ్డ పుట్టుకను నమోదు చేయించండి. అది 18 ఏళ్లు నిండేలోపు చేసుకునే వీలుంది, కానీ ఆసుపత్రి కాగితాలు చేతిలో ఉండగానే చేయడం మంచిది. ఒకరు ఇంకా భారత పౌరులే అయితే, బిడ్డ పుట్టిన తేదీ నాటికి వారు ప్రమాణం చేయలేదని చూపే కాగితాలు, అంటే అప్పటి భారత పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు, జాగ్రత్త చేయండి.

బయట పుట్టిన పిల్లల సంగతి ఇంకోలా ఉంటుంది. కువైట్‌లో కడప, గోదావరి జిల్లాల వాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. అక్కడ పుట్టినంత మాత్రాన కువైట్ పౌరసత్వం రాదు, అక్కడిది తండ్రి వంశాన్ని బట్టి వస్తుంది. కాబట్టి బిడ్డకున్న ఒక్క దారి మన రాయబార కార్యాలయమే. పుట్టిన ఏడాది లోపల అక్కడ నమోదు చేయించాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. వీసా తిరకాసుల్లో ఉన్నవాళ్లు భయపడి నమోదుకే వెళ్లరు. అలా చేయకండమ్మా. మీ వీసా గొడవ వేరు, బిడ్డ పుట్టుక నమోదు వేరు. ఆ కాగితం లేకపోతే బిడ్డను వెంటబెట్టుకుని ఇంటికి రావడమే కష్టమవుతుంది.

అమెరికాలో పుట్టిన పిల్లలకు అక్కడి రాజ్యాంగం 14వ సవరణ వల్ల పుట్టుకతోనే పౌరసత్వం వస్తూ వచ్చింది. 1868 నాటి సవరణ అది. తల్లిదండ్రులు తాత్కాలిక వీసాల మీదుంటే ఇవ్వకూడదని 2025 జనవరి 20న అధ్యక్షుడు ఉత్తర్వు ఇస్తే కింది కోర్టులు ఆపాయి, వ్యవహారం అక్కడి సుప్రీంకోర్టుకెక్కింది. హెచ్1బీ మీద ఉండి కాన్పుకు సిద్ధమవుతున్నవాళ్లు వాట్సాప్‌లో వచ్చేది నమ్మకుండా, ఆ రోజుకున్న తీర్పు ఏమిటో వకీలును అడిగి తెలుసుకోండి. ఒకటి మాత్రం మారదు: బిడ్డకు అమెరికా పాస్‌పోర్టు తీశాక మన కాన్సులేట్‌లో భారత పౌరుడిగా నమోదు చేయించలేరు. వేరే దేశ పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి కాబట్టి.

ప్రమాణానికి ముందు

అమెరికాలో గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లయితే (అమెరికా పౌరుల భార్య లేదా భర్తగా కాపురముంటే మూడేళ్లు) ఎన్-400 అనే పౌరసత్వ దరఖాస్తు ఫారం పెట్టుకోవచ్చు. గడువుకు 90 రోజుల ముందే పెట్టే వీలుంది. ఆ ఐదేళ్లలో కనీసం సగం కాలం, అంటే 30 నెలలు, ఆ దేశంలో ఉండాలి. ఇక్కడ అమ్మానాన్నల ఆరోగ్యం బాగోలేక వచ్చి ఉండిపోయేవాళ్లకే ఇబ్బంది. ఒకే విడతలో ఆరు నెలలు దాటి బయట ఉంటే నివాసం తెగిందేమోనని అడుగుతారు, ఏడాది దాటితే మొదటికే మోసం. వచ్చిన ప్రతిసారీ ఎక్కిన రోజు, దిగిన రోజు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఇంటర్వ్యూలో చరిత్ర, ప్రభుత్వం మీద ప్రశ్నలుంటాయి. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసినవాళ్లకు 128 ప్రశ్నల్లోంచి 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. పాత వాళ్లకు 100లోంచి పది, ఆరు చెబితే చాలు. చదువుకున్న మన పిల్లలకు అదేం టెన్షన్ కాదు.

పేరు దగ్గర మాత్రం తొందరపడొద్దు. ప్రమాణంతో పాటే పేరు మార్చుకునే అవకాశం అక్కడి కోర్టు ఇస్తుంది. మన పేర్లు వాళ్లకు నోరు తిరగవు. ఆఫీసులో ఎలాగూ వెంకట్ అంటున్నారని, వెంకట సత్యనారాయణ కాస్తా వెంకట్ అయిపోతాడు, ఇంటిపేరు ముందు నుంచి పేరు చివరికి మారుతుంది. అక్కడ హాయిగానే ఉంటుంది. ఇక్కడ భూమి రికార్డు 1బీలో, పాసుపుస్తకంలో, పదో తరగతి సర్టిఫికెట్‌లో, తండ్రి వీలునామాలో పాత పేరే ఉంటుంది. ఇద్దరూ ఒక్కరేనని నిరూపించడానికి నేను రాసే అఫిడవిట్లు ఎన్నో. మార్చుకోవద్దని నేననను, పేరు ఎవరిది వారి ఇష్టం. మార్చుకుంటే మాత్రం పాత పేరు, కొత్త పేరు రెండూ ఉన్న కోర్టు కాగితాన్ని బంగారంలా దాచండి, దాని నకళ్లు ఇక్కడ అమ్మానాన్నల దగ్గర కూడా ఉంచండి. మా అమ్మాయి పేరు మార్చుకోలేదు. అత్తవారి ఇంటిపేరు అప్పటికే పాస్‌పోర్టులో ఎక్కింది కాబట్టి దాని పెళ్లి సర్టిఫికెట్‌తోనే సరిపోయింది.

ప్రమాణం తేదీ వచ్చిందంటే ఆ తర్వాత కొన్ని వారాలు దేశం దాటే పని పెట్టుకోకండి. ఆ రోజు గ్రీన్‌కార్డు వెనక్కి తీసుకుంటారు. చేతికి వచ్చేది నాచురలైజేషన్ సర్టిఫికెట్ అనే కాగితం, దానితో విమానం ఎక్కలేరు. అమెరికా పాస్‌పోర్టు రావాలి. అది వచ్చాక కూడా ఇండియాకు వీసా కావాలి, ఎందుకంటే అప్పటికి మీరు విదేశీయులు. ఈలోగా ఇంటి దగ్గర నుంచి చెడ్డ కబురు వస్తే పాత భారత పాస్‌పోర్టు మీదే వచ్చేద్దామని మనసు లాగుతుంది. ఆ పని చేయకూడదు. పౌరసత్వం పోయాక ఆ పాస్‌పోర్టు వాడటం పాస్‌పోర్టుల చట్టం, 1967 కింద నేరం, తర్వాత సరెండర్ చేసేటప్పుడు దానికి జరిమానా కూడా కట్టాలి. దగ్గరి బంధువు చావుబతుకుల్లో ఉంటే అమెరికా పాస్‌పోర్టు ఏజెన్సీలో అత్యవసరంగా ఇస్తారు, మన కాన్సులేట్‌లోనూ అత్యవసర వీసా ఉంది. ఆ రెండిటి ఫోన్ నంబర్లు ముందే రాసి పెట్టుకోండి. నాన్నగారికి ఒంట్లో బాగోలేదని తెలిసి ఉంటే, ప్రమాణం తేదీ వాయిదా అడగడంలో తప్పేం లేదు.

ప్రమాణంలో ఏం చెప్పిస్తారో కూడా చదువుకుని వెళ్లండి. అప్పటిదాకా పౌరులుగా ఉన్న దేశం పట్ల విధేయతను పూర్తిగా వదులుకుంటున్నానని నోటితో అంటారు. అది ఉత్త లాంఛనం అనుకునేవాళ్లున్నారు. మన చట్టం దాన్ని లాంఛనంగా చూడదు.

ప్రమాణం తర్వాత పనుల వరుస

వరుస తప్పితే తిరిగి మొదలు పెట్టాలి. మొదట అమెరికా పాస్‌పోర్టు, తర్వాత భారత పాస్‌పోర్టు సరెండర్, ఆ తర్వాత ఓసీఐ. అమెరికాలో సరెండర్, ఓసీఐ దరఖాస్తులు వీఎఫ్‌ఎస్ గ్లోబల్ అనే దరఖాస్తులు తీసుకునే సంస్థ ద్వారా కాన్సులేట్‌కు వెళ్తాయి. పాత పాస్‌పోర్టును రద్దు ముద్ర వేసి తిరిగి ఇస్తారు, దాంతో పాటు సరెండర్ సర్టిఫికెట్ ఇస్తారు. ఆ రద్దయిన పుస్తకాన్ని పారేయకండి. మీరు ఒకప్పుడు భారత పౌరులని చెప్పే గట్టి రుజువు అదే. రేపు మీ పిల్లలు, మనవలు ఓసీఐ అడిగినా అదే చూపించాలి. 2010 జూన్ 1 కంటే ముందు పౌరసత్వం తీసుకున్నవాళ్లకు సరెండర్ నిబంధనలు, ఫీజు వేరుగా ఉంటాయి. అలాంటి పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్ల పాత పుస్తకాలు ఎక్కడున్నాయో ఇప్పుడే వెతకండి.

మీతో పాటు పిల్లల సంగతీ చూడాలి. 18 ఏళ్ల లోపు ఉండి, గ్రీన్‌కార్డుతో మీ దగ్గరే ఉంటున్న బిడ్డలకు, తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులైతే చాలు, అమెరికా పౌరసత్వం దానంతటదే వచ్చేస్తుంది. 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లో ఉన్న చట్టం అది. చాలామంది ఆ బిడ్డ భారత పాస్‌పోర్టును అలాగే రెన్యువల్ చేయించుకుంటూ పోతారు. వద్దు, బిడ్డకు కూడా అమెరికా పాస్‌పోర్టు తీసి, పాతది సరెండర్ చేయండి. "పద్దెనిమిదేళ్లు వచ్చాక వాడే ఇండియా పౌరసత్వం వెనక్కి తీసుకుంటాడులే" అనే ధైర్యం కూడా పెట్టుకోకండి. సెక్షన్ 8 కింద అలా తిరిగి తీసుకునే వీలు పిల్లలకు ఉన్నమాట నిజమే, కానీ అది తల్లిదండ్రులు ముందుగా భారత పౌరసత్వాన్ని వదులుకుంటున్నట్టు ప్రకటన ఇచ్చిన సందర్భానికే. సింగపూర్ పౌరసత్వం తీసుకున్న ఒక కుటుంబం కేసులో, తల్లిదండ్రులది సెక్షన్ 9 కింద దానంతటదే పోయింది కాబట్టి కొడుకుకు ఆ అవకాశం లేదని మన సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో తేల్చింది.

ఓసీఐ మొదలైంది మన హైదరాబాద్‌లోనే. 2006 జనవరిలో అక్కడ జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో దాన్ని ప్రారంభించారు. పేరులో సిటిజెన్ అని ఉండటంతో పౌరసత్వమే అనుకుంటారు. కాదు. జీవితాంతం చెల్లే వీసా అనుకోండి, దానితో పాటు ఫ్లాటు, ఇల్లు కొనుక్కోవడం లాంటి కొన్ని సౌకర్యాలు. ఓటు లేదు, ఎన్నికల్లో నిలబడటం లేదు, ప్రభుత్వ ఉద్యోగం లేదు. మత ప్రచారానికి, పర్వతారోహణకు, జర్నలిజానికి, పరిశోధనకు విడిగా అనుమతి కావాలి.

ఓటు మాట వచ్చింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. 2024 మే 13న మన రాష్ట్రంలో పోలింగుకు విమానాలెక్కి వచ్చినవాళ్లను చూసి నాకూ సంతోషమే వేసింది. భారత పాస్‌పోర్టున్న ఎన్నారైలకు ఆ హక్కు ఉంది, ఫారం 6ఏతో విదేశాల నుంచే పేరు నమోదు చేసుకోవచ్చు. ప్రమాణం చేసినవాళ్లకు లేదు. జాబితాలో పేరు ఇంకా ఉంది కదా, బీఎల్‌ఓ (పోలింగ్ బూత్ అధికారి) స్లిప్పు కూడా ఇచ్చాడు కదా అని వెళ్లకండి. ఫారం 7 పెట్టి పేరు తీయించేయండి.

పొలం, ఇల్లు, జీపీఏ

నా అసలు పని ఇది కాబట్టి కాస్త విడమరిచి రాస్తాను. పౌరసత్వం పోతే తాతల నాటి ఆస్తి పోతుందని ఊళ్లో పెద్దవాళ్లకు భయం. పోదు. మీరు ఇక్కడ ఉన్నప్పుడు కొన్నది మీదే. ఇక్కడ ఉంటున్న తండ్రి నుంచి వారసత్వంగా వచ్చే పొలం కూడా మీదే, అది మాగాణి అయినా తోట అయినా. కుదరనిది కొత్తగా పొలం కొనడం, పొలాన్ని దానంగా పుచ్చుకోవడం. ఈ ఆంక్ష ఫెమా, అంటే విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం కింద వచ్చింది. ప్రమాణంతో మొదలయ్యేది కాదు, మీరు విదేశంలో నివాసం ఏర్పరచుకున్నప్పటి నుంచే ఉంటుంది. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారైకి కూడా ఇదే వర్తిస్తుంది. అందుకే సంక్రాంతికి వచ్చిన ఆ తండ్రీ కొడుకులకు దానపత్రం రాయలేదు. వీలునామా రాశాను. తండ్రి తదనంతరం ఆ ముప్పావు ఎకరం కొడుక్కి వారసత్వంగా చెందుతుంది, దానికి ఏ చట్టమూ అడ్డం లేదు. తండ్రికి మొదట నచ్చలేదు. "నేనుండగానే వాడి పేరు చూసుకోవాలని ఉందండీ" అన్నారు. ఆయన బాధ నాకర్థమైంది. కానీ చెల్లని దస్తావేజు చేతిలో పెట్టి పంపడం నాకు చేతకాదు. వీలునామాను రిజిస్టరు చేయించమని మాత్రం పట్టుబట్టాను.

వారసత్వంగా వచ్చిన పొలాన్ని అమ్ముకోవచ్చు, అయితే ఇండియాలో ఉంటున్న భారత పౌరుడికే అమ్మాలి. అమెరికాలోనే ఉన్న బావమరిదికి అమ్ముతానంటే కుదరదు. ఇక ఫ్లాట్లు, ఇళ్ల స్థలాల విషయంలో ఓసీఐ ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదు. ప్రమాణానికీ ఓసీఐ కార్డు చేతికి రావడానికీ మధ్య ఉన్న ఖాళీలో మాత్రం ఏదీ కొనకండి. ఆ సమయంలో మీరు ఎన్నారై కూడా కాదు, ఓసీఐ కూడా కాదు.

జీపీఏ పంపేటప్పుడు అందులో మీ జాతీయత ఉన్నది ఉన్నట్టు రాయండి. కిందటి జీపీఏ నకలు తీసి పేర్లు, తేదీలు మార్చి పంపేస్తుంటారు, అందులో "భారతీయుడు" అని అలాగే ఉండిపోతుంది. సంతకం మన కాన్సులేట్ అధికారి ముందు చేయవచ్చు, లేదా అక్కడి నోటరీ ముందు చేసి ఆ రాష్ట్రం నుంచి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ) వేయించవచ్చు. కాగితం ఇండియాకు చేరిన మూడు నెలల లోపల జిల్లా రిజిస్ట్రారు దగ్గర స్టాంపు డ్యూటీ కట్టించాలి. కవరును బీరువాలో పెట్టి మర్చిపోయి నాలుగో నెలలో తెచ్చేవాళ్లు ఎక్కువ. కొరియర్ కవరు పారేయకుండా దానికే పిన్ను కొట్టి ఉంచండి, ఏ తేదీన అందిందో దాని మీద ఉంటుంది.

మిగతా దేశాల్లో

ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. కెనడాలో పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చాక ఐదేళ్లలో 1,095 రోజులు ఉండాలి. ఆస్ట్రేలియాలో నాలుగేళ్ల నివాసం, అందులో చివరి ఏడాది పర్మనెంట్ రెసిడెంటుగా. బ్రిటన్‌లో 1983 జనవరి 1 నుంచి అక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రావడం లేదు. జర్మనీ 2024 జూన్ 27 నుంచి పాత పౌరసత్వం వదులుకోకుండానే తమది ఇస్తోంది. ఆ వార్త చూసి నాకు చాలా ఫోన్లు వచ్చాయి, "ఇక రెండూ ఉంచుకోవచ్చటగా" అని. జర్మనీ అడగడం మానేసింది, అంతే. మన సెక్షన్ 9 ఎక్కడికీ పోలేదు.

పోగొట్టే పద్ధతులూ వేరువేరే. అమెరికాలో పౌరుడి ఇష్టం లేకుండా పౌరసత్వం లాక్కోకూడదని అక్కడి సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. దరఖాస్తులో అబద్ధం చెప్పి తెచ్చుకున్నదైతే మాత్రం రద్దు చేస్తారు. బ్రిటన్‌లో హోం మంత్రి ప్రజాహితం పేరుతో రద్దు చేయగలరు. అదే అమెరికా సుప్రీంకోర్టు 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరులు కాలేరని తీర్పు ఇచ్చింది, దాంతో అప్పటికే పౌరులైన మనవాళ్లవి కూడా రద్దు చేశారు. 1946లో చట్టం మారేదాకా ఆ దారి మూసే ఉంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అన్ని మందులు కనిపెట్టి కూడా 1948లో అమెరికా పౌరుడు కాకుండానే కన్నుమూశారు. ఎన్-400 ఫారం నింపేటప్పుడు ఈ సంగతి పిల్లలకు చెప్పమని మా అమ్మాయికి చెప్పాను.

కాలు కదపకుండానే దేశం మారిన తెలుగువాళ్లు కూడా ఉన్నారు, మన యానాంలో. ఫ్రాన్సుతో ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చినప్పుడు అక్కడివాళ్లు భారత పౌరులయ్యారు. ఫ్రెంచి పౌరులుగానే ఉండాలనుకున్నవాళ్లు ఆరు నెలల్లో రాసివ్వాలన్నారు. ఆ ఆరు నెలల్లో తాతగారు రాసిచ్చారా లేదా అన్నదాన్ని బట్టే మనవల దేశం తేలింది.

తిరిగి రావాలంటే

పిల్లలు స్థిరపడ్డాక వెనక్కి వచ్చేయాలనుకునేవాళ్లు ఈమధ్య నన్ను తరచుగా అడుగుతున్నారు. దారి ఉంది. సెక్షన్ 5 కింద, తానుగానీ తల్లిదండ్రుల్లో ఒకరుగానీ స్వతంత్ర భారత పౌరులై ఉండి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడే ఉన్నవాళ్లు అడగవచ్చు. ఓసీఐ తీసుకుని ఐదేళ్లయి, ఏడాది ఇక్కడ ఉన్నవాళ్లూ అడగవచ్చు. ప్రత్యేక కారణాలుంటే ఆ పన్నెండు నెలల్లో మొత్తం 30 రోజుల దాకా బయట ఉండటాన్ని ప్రభుత్వం మన్నించవచ్చు. అంతకు మించి బయట ఉంటే లెక్క చెడుతుంది. మీకు విదేశీ కోడలో అల్లుడో ఉంటే, భారత పౌరులను పెళ్లాడిన వారికి ఏడేళ్ల నివాసం కావాలి. అసలే సంబంధం లేని విదేశీయులు నాచురలైజేషన్‌తో రావాలంటే, మామూలుగా గత పద్నాలుగేళ్లలో పదకొండేళ్లు, ఆపైన చివరి ఏడాది పూర్తిగా ఇక్కడ ఉండాలి, మన రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాష ఒకటి రావాలి. మన తెలుగు ఆ షెడ్యూలులో ఉంది, హిందీ రాలేదని బెంగ అక్కర్లేదు.

ఆ పన్నెండు నెలల లెక్క ఎంత గట్టిదో వేములవాడ మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేశ్ కేసు చూస్తే తెలుస్తుంది. జర్మనీ పౌరసత్వం ఉన్న ఆయన 2009లో తిరిగి భారత పౌరసత్వం పొందారు. దరఖాస్తుకు ముందు ఏడాది ఇక్కడ ఉండలేదన్న విషయం దాచారని కేంద్ర హోంశాఖ దాన్ని రద్దు చేసింది. ఏళ్ల తరబడి నడిచి, చివరకు 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మన్ పౌరుడేనని తీర్పిచ్చి, 30 లక్షల రూపాయల ఖర్చులు కట్టమంది. సెక్షన్ 10 కింద ఇలా రద్దు చేసే అధికారం రిజిస్ట్రేషన్‌తోనో నాచురలైజేషన్‌తోనో తెచ్చుకున్న పౌరసత్వం మీద ఉంటుంది, పుట్టుకతో వచ్చినదాని మీద ఉండదు. ఒకసారి వదులుకుని తిరిగి తెచ్చుకున్నవాళ్లది ఆ మొదటి రకం. పాస్‌పోర్టులో పడ్డ ప్రతి ముద్ర, ప్రతి బోర్డింగ్ పాసు జేబులో ఉంచుకునే దరఖాస్తు పెట్టండి, ఒక్క రోజు కూడా కలిపి రాయకండి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టి, కాగితాలు కలెక్టరాఫీసులో చూపించాలి. పైనుంచి అంగీకార పత్రం వచ్చాక, మీ అమెరికా పౌరసత్వం వదులుకున్నట్టు రుజువు అడుగుతారు, అది చూపితేనే భారత పౌరసత్వ పత్రం ఇస్తారు. ఉత్సాహం కొద్దీ ముందే వెళ్లి కాన్సులేట్‌లో వదులుకుని రావొద్దు. అమెరికాది ఒకసారి వదిలితే వెనక్కి రాదు, ఇక్కడిది ఇంకా చేతికి రాలేదు. ఆ మధ్యలో ఏ దేశమూ లేనివారవుతారు. అంగీకార పత్రం చేతిలో పడ్డాక, వదులుకునేవాళ్లు వేయాల్సిన 8854 అనే పన్ను ఫారం గురించి అక్కడి ఆడిటరుతో మాట్లాడి, ఆ తర్వాత నానక్‌రామ్‌గూడలో అపాయింట్‌మెంట్ తీసుకోండి.